తమ్ముడి కంటికి మూడు రకాల ఆటోఫ్లోరసెన్స్ స్కాన్లు, చూసింది చూసినట్టు

మా తమ్ముడికి స్టార్‌గార్ట్ (వంశపారంపర్యంగా వచ్చే, చూపు మధ్యభాగాన్ని దెబ్బతీసే రెటీనా జబ్బు), ఏబీసీఏ4 జీన్‌లో తేడా అని టెస్టులో తేలింది, అప్పట్నుంచీ ఏడాదికోసారి ఈ ఆటోఫ్లోరసెన్స్ స్కాన్లకి (కంట్లోకి వెలుగు వేస్తే లోపలి పదార్థాలు వాటంతటవే మెరుస్తాయి, దాన్ని ఫొటో తీస్తారు) నేనే తీసుకెళ్తున్నా. ఇంజెక్షన్ లేదు, డై లేదు, చుక్కలేసి కూర్చోబెట్టి తర్వాత గడ్డం స్టాండ్ మీద పెట్టమంటారు అంతే.

బ్లూ లైట్‌ది, అంటే 488 నానోమీటర్లది (వెలుగు తరంగదైర్ఘ్యం), ఫొటో మాత్రం సూపర్. రెటీనా కింద పేరుకున్న లైపోఫసిన్ అనే చెత్త తెల్లగా మెరుస్తుంది, కణాలు చచ్చిన చోట నల్లమచ్చ. ఆప్టిక్ నర్వ్ (కంటి నుంచి మెదడుకెళ్ళే నరం) చుట్టూ కొంచెం బాగానే మిగిలింది, ఈ జబ్బులో తరచూ అంతేనని డాక్టరు గారు స్క్రీన్ మీద చూపించారు. కానీ ఆ వెలుగు ఉంది చూడండీ, వాడికసలే లైటు పడదు, కళ్ళల్లో నీళ్ళే నీళ్ళు, "అన్నయ్యా ఇంక చాలు" అన్నాడు పాపం. పైగా రెటీనా మధ్యభాగమైన మాక్యులాలోని పసుపు పిగ్మెంట్ నీలం వెలుగుని మింగేస్తుందట, మధ్యలో కనిపించే నలుపు జబ్బుదా మామూలుదా అని ఓ తికమక.

787 ఇన్‌ఫ్రారెడ్‌ది హాయి, కంటికి గుచ్చుకోదు, ముఖ్యంగా మెలనిన్ అనే నల్ల రంగు పదార్థాన్ని చూపిస్తుంది, ఫొటో కాస్త మసక.

532 గ్రీన్ వైడ్‌ఫీల్డ్‌ది ఒక్క క్లిక్‌లో 200 డిగ్రీల మేర రెటీనా, రెటినైటిస్ పిగ్మెంటోసా లాగా రెటీనాని అంచుల నుంచి తినేసే జబ్బులకి ఇదే బెస్ట్. మావాడి ఫొటోలో కింద కనురెప్ప వెంట్రుకలు గీతల్లా పడ్డాయి, మళ్ళీ తీయమంటే టెక్నీషియన్ విసుక్కున్నాడు, అందుకే ఒక స్టార్ కట్.

ఇంకోటి, పోయినేడు బ్లూ తీసి ఈ ఏడు గ్రీన్ తీశారు, మరి మచ్చ పెరిగిందో లేదో ఎలా పోల్చేది? ప్రతిసారీ అదే మిషన్, అదే లైటు కావాలని ముందే అడగండి.