జపాన్ పక్షుల ప్రింట్లు కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

మా అక్కకి పక్షులంటే ప్రాణం. తన గృహప్రవేశానికి ఏమివ్వాలా అని చాలా రోజులు ఆలోచించి, జపాన్ పాత చెక్క అచ్చు బొమ్మల ప్రింట్లు మూడు ఆర్డర్ చేశాను. మంచులో ముడుచుకుని నిలబడ్డ కొంగలు, వెన్నెల్లో కాకి, ఎర్ర కమీలియా పూల కొమ్మ మీద పిట్ట. ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడిన ఒక పేజీలో కొన్నాను. ‘మ్యూజియం క్వాలిటీ ఫైన్ ఆర్ట్ ప్రింట్స్’ అని రాశారు. ఏ2 సైజువి మూడూ కలిపి 7,800 రూపాయలు. యూపీఐలో కట్టేశాను, బిల్లు అడగలేదు.

వచ్చినవి చూసి ఏడుపొచ్చింది. కాగితం గోడ క్యాలెండర్ కాగితంలా పల్చగా, నిగనిగలాడుతూ ఉంది. కొంగ ముక్కు అంచు మెట్లు మెట్లుగా ఉంది. చిన్న ఫోటోని సాగదీసి ప్రింట్ తీశారని చూడగానే తెలిసిపోయింది. తెల్లగా ఉండాల్సిన మంచు గులాబీ రంగులోకి తిరిగింది. ఈ బొమ్మల్లో ఆ తెలుపే అందం. కొన్ని అచ్చుల్లో ఈకలకి రంగే వెయ్యరు, రంగు పుయ్యని చెక్కని గట్టిగా అద్ది ఈకల గీతలు కాగితంలోనే ఉబ్బేలా చేస్తారు. దాన్ని కరజురి అంటారు. ఆ ఉబ్బు ప్రింట్‌లో రాదని నాకు తెలుసు, కనీసం తెలుపైనా తెలుపుగా ఉండాలి కదా.

అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకొకటి. బొమ్మ అంచున చిత్రకారుడి సంతకం, ఎర్ర ముద్ర ఉండాలి. మూడింట్లోనూ ఆ భాగం కత్తిరించేశారు. వెనక అంటించిన చీటీ మీద ‘హోకుసాయ్, 18వ శతాబ్దం’ అని ఉంది. అనుమానం వచ్చి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం సైట్‌లో వెతికితే అవే కొంగలు కనబడ్డాయి. గీసింది ఒహారా కోసోన్. 1877లో కనజావాలో పుట్టి 1945లో పోయారు. హోకుసాయ్ చాలా పేరున్న మరో జపాన్ చిత్రకారుడు, ఆయన 1849లోనే చనిపోయారు. జీవితంలో ఎక్కువభాగం పూలు, పక్షుల బొమ్మలకే ఇచ్చిన కోసోన్ పేరు చెరిపేసి, పేరున్న ఇంకొకరిది అంటించడం నాకు డబ్బు పోయినదానికంటే పెద్ద అన్యాయంగా అనిపించింది. మీరూ వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కోసోన్ సంతకం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మొదట్లో కోసోన్, 1926 నుంచి వతనబె షోజబురో అనే ప్రచురణకర్త దగ్గర షోసోన్, మరికొన్నిటి మీద హోసోన్.

గృహప్రవేశానికి చీర పెట్టి వచ్చాం. కమీలియా ప్రింట్ ఒక్కటి నా గదిలో కిటికీ పక్కన పెట్టుకున్నాను. రెండు నెలల్లో ఆ ఎరుపు వెలిసిపోయి నారింజ రంగుకి దిగింది. నిలిచే రంగు కావాలంటే పిగ్మెంట్ ఇంక్ (సన్నటి రంగు పొడి కలిపిన ఇంక్) వాడాలి. చవక డై ఇంక్ (రంగు కరిగించిన ఇంక్) వెలుతురుకి ఆగదు.

అమ్మినవాళ్లకి ఫోటోలు పంపితే ‘ఆర్ట్‌కి రిటర్న్ లేదు’ అన్నారు. ఇంకోసారి అడిగితే నంబర్ బ్లాక్ చేశారు. చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బు ఇంకా రాలేదు. చేతిలో బిల్లు లేకపోవడం వల్ల ప్రతిచోటా ఇబ్బందే అవుతోంది, అందుకే బిల్లు లేకుండా మాత్రం కట్టకండి.

‘ఫైన్ ఆర్ట్’, ‘జిక్లే’ అనే మాటలు చూసి మాత్రం నమ్మకండి. జిక్లే అంటే ఇంక్‌జెట్ ప్రింటే, మంచి కాగితం, మంచి ఇంక్ వాడితేనే దానికి విలువ. ఏ కాగితం, ఎన్ని జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు), కాటన్‌తో చేసిన కాగితమా కాదా, పిగ్మెంట్ ఇంకేనా, ఫైల్ ఏ మ్యూజియంది అని మెసేజ్‌లో రాతపూర్వకంగా అడగండి. బొమ్మ మెట్లు మెట్లుగా రాకూడదంటే ఫైల్ పెద్దదై ఉండాలి: అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ3కి దాదాపు 3500×4960 పిక్సెళ్లు కావాలి, ఏ2కి 4960×7016. సంతకం, ముద్ర కనబడేలా మొత్తం బొమ్మ ఫోటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.

‘ఒరిజినల్ చెక్క అచ్చు’ అని వేలల్లో అడిగేవాళ్లతో ఇంకా జాగ్రత్త. భూతద్దం పెట్టి చూస్తే ఆఫ్‌సెట్ (మెషీన్) ముద్రణలో రంగు చుక్కలు వరుసగా కనబడతాయి. చేతి అచ్చులో రంగు చుక్కలుగా ఉండదు, చాలాసార్లు కాగితం వెనక్కి కూడా దిగి కనబడుతుంది. వెనక వైపు ఫోటో అడగడం మర్చిపోకండి.

చివరికి నేను చేసింది చెబుతాను. రైక్స్ మ్యూజియం ఈ బొమ్మల పెద్ద ఫైళ్లు ఉచితంగానే ఇస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం కూడా తన దగ్గరున్న కాపీరైట్ గడువు తీరిన బొమ్మల ఫోటోలని 2017 నుంచి ఇలాగే ఇస్తోంది. కొంగల ఫైల్ దించుకుని, మా దగ్గర ఫోటోగ్రాఫర్లకి ప్రింట్లు తీసే ల్యాబ్‌లో కాటన్ కాగితం మీద ఏ3 తీయించాను. మొదట చిన్న ముక్క తీసి రంగు చూపించమన్నాను, తెలుపు సరిగ్గా ఉందనుకున్నాకే మొత్తం తీయించాను. ఇప్పుడది అక్క వాళ్ల హాల్లో ఉంది. అంచున ఆ చిన్న సంతకం, ముద్ర కూడా ఉన్నాయి.