స్కిన్ స్లైడ్లకి ఫోటోమీటర్ పెట్టిన మైక్రోస్కోప్: చాలా ఏళ్ళు వాడాక చెప్తున్నా

స్కిన్ బయాప్సీ చూసి "న్యూక్లియస్‌లు కాస్త డార్క్‌గా ఉన్నాయి" అని రాసేస్తాం, ఆ కాస్త ఎంత అనేది మాత్రం చూసేవాళ్ళని బట్టి మారిపోతుంది. చర్మం పై పొర ఎపిడెర్మిస్ అడుగున బేసల్ లేయర్ ముదురుగా ఉంటుంది కదా, దాని పక్కనున్న డెర్మిస్ (కింది పొర) కణం ఉన్నదానికన్నా లేతగా అనిపిస్తుంది, కన్ను ఎప్పుడూ పక్కదాంతో పోల్చుకునే చూస్తుంది మరి. ఫోటోమీటర్‌కి ఆ గొడవ లేదు, స్లైడ్ దాటి ఎంత వెలుతురు వచ్చిందో అదే చెప్తుంది. నాకు ఇదంటే ఇంత ఇష్టం అందుకే.

అలాగని నంబర్ రాగానే నమ్మేయకండి. న్యూక్లియస్‌లో సగం ముదురు, సగం ఖాళీ అనుకోండి. ముదురు సగంలోంచి 10%, ఖాళీ సగంలోంచి 100% వెలుతురు వస్తే, మొత్తం ఒకేసారి కొలిచినప్పుడు 55% వస్తుంది, అంటే ఆప్టికల్ డెన్సిటీ (వెలుతురు ఎంత ఆగిందో చెప్పే లాగ్ లెక్క) 0.26. అదే చిన్న చిన్న చుక్కలుగా స్కాన్ చేసి డెన్సిటీల సగటు తీస్తే 0.5. ఉన్నది ఒకే న్యూక్లియస్, తేడా దాదాపు రెట్టింపు! స్కానింగ్ లేని సెటప్ అయితే డబ్బులు పెట్టొద్దనే చెప్తా.

స్టెయిన్, అంటే స్లైడ్‌కి పట్టించే రంగు, దాని సంగతి ఇంకా ముఖ్యం. హెచ్ అండ్ ఈ (బయాప్సీలకి మామూలుగా వాడే స్టెయిన్) మీద డీఎన్‌ఏ కొలవడానికి చూడొద్దు, ఆ రంగు డీఎన్‌ఏ ఎంతుంటే అంత పట్టేది కాదు. 1924లో వచ్చిన ఫ్యూల్జెన్ స్టెయినే దీనికి సరైంది, కాకపోతే యాసిడ్‌లో ఉంచే టైమ్, టెంపరేచర్ ప్రతి బ్యాచ్‌కీ ఒకేలా ఉండాలి, ఎక్కువసేపు ఉంచితే డీఎన్‌ఏనే పోతుంది. అదే స్లైడ్‌లో ఉన్న లింఫోసైట్లని (డీఎన్‌ఏ మామూలు మోతాదులో ఉండే తెల్ల రక్తకణాలు) కొలిచి పెట్టుకుంటే మిగతా కణాలకి అవే ఆధారం.

స్కిన్‌లో అసలు తలనొప్పి మెలనిన్, అంటే చర్మానికి సహజంగా ఉండే రంగు. అది కూడా వెలుతురుని పీల్చేస్తుంది, ఏది రంగో ఏది మెలనినో మీటర్‌కి తెలీదు. పక్క సెక్షన్‌ని (బయాప్సీ నుంచి కోసిన పల్చటి ముక్క) స్టెయిన్ చెయ్యకుండా ఉంచి అదే చోట కొలిస్తే ఎంత భాగం మెలనిన్ వల్లో అంచనా దొరుకుతుంది. ఇంకోటి, 5 మైక్రాన్ల సెక్షన్‌లో చాలా న్యూక్లియస్‌లు కోసుకుపోతాయి, కాబట్టి మొత్తం డీఎన్‌ఏ తక్కువగానే వస్తుంది.

ల్యాంప్ వేడెక్కి నిలకడగా వెలిగేదాకా ఆగాలి, ఫీల్డ్ డయాఫ్రమ్ (స్లైడ్ మీద వెలుతురు పడే మేరని తగ్గించే రంధ్రం) బాగా మూసి పెట్టాలి, లేకపోతే చుట్టూ ఉన్న వెలుతురు లోపలికి చేరి ముదురు చోట్లు లేతగా కొలుస్తుంది. ఖాళీ చోట రీడింగ్ మాటిమాటికీ తీసుకోండి.

రోజువారీ డయాగ్నసిస్‌కి ఇది అక్కర్లేదు. ట్రీట్‌మెంట్‌కి ముందూ తర్వాతా తీసిన బయాప్సీలని పోల్చాలంటే మాత్రం ఇది కావాల్సిందే, రెండింటినీ ఒకే బ్యాచ్‌లో స్టెయిన్ చేయించండి.