కుక్కపిల్లలకు గొర్రెల నట్టల మందు అంటగడుతున్నారు, జాగ్రత్త

అనంతపురంలో కుక్కలనో పిల్లులనో పెంచుకునేవారిలో ఆ కొట్టు మెట్లు ఎక్కనివారు తక్కువ కాబట్టి, పేరు రాయకపోయినా ఎవరి గురించి చెబుతున్నానో మీకు అర్థమవుతుంది. మా రెండు నెలల కుక్కపిల్లకు పొట్ట ఉబ్బి, విరేచనంలో సేమ్యాలాంటి ఏలికపాములు పడుతుంటే, కడుపులో పురుగులు పోయే మందు కావాలని అక్కడ అడిగాను. "కంపెనీ సీసా దండగ సార్, ఇది డాక్టర్లు వాడేదే" అంటూ లేబులు లేని చిన్న ప్లాస్టిక్ సీసా చేతిలో పెట్టి 150 రూపాయలు తీసుకున్నాడు. పిల్ల బరువెంతో అడగలేదు. మూతతో ఒక మూత పట్టించమన్నాడు, అంతే.

పట్టించిన కాసేపటికే పిల్ల చొంగ కార్చుకుంటూ వాంతి చేసుకుంది, వెనక కాళ్లు నిలవక వణుకుతూ గోడకు ఒరిగిపోయింది. సెలైన్ ఎక్కిస్తూ పశువైద్యుడు ఏం మందు పట్టించారని అడిగితే, చెప్పడానికి ఆ సీసా మీద ఒక్క అక్షరమైనా లేదు.

ఆ పేరు కనుక్కుందామని మరునాడు కొట్టుకు వెళ్లేసరికి, పిల్లికూనను సంచిలో పెట్టుకుని వచ్చిన ఒక అమ్మాయి కోసం ఆ పెద్దమనిషి కౌంటరు కింద నుంచి లీటరు డబ్బా తీసి, గరాటు పెట్టి, అలాంటి సీసాలోకే వంచుతున్నాడు. డబ్బా మీద గొర్రె బొమ్మ, దాని కింద ఆక్సిక్లోజనైడ్, లెవామిసోల్ అన్న పేర్లు స్పష్టంగా ఉన్నాయి. ఇది గొర్రెల నట్టల మందు కదా అని అడిగినందుకు ఆయన సెలవిచ్చిన వైద్యశాస్త్రం ఇది: "గొర్రెకు పనిచేసింది కుక్కకు చేయదా? ముప్పై కిలోల పొట్టేలు తాగి గడ్డి మేస్తోంది, మీ పిల్లకే బలం లేదు. ముందు తిండి సరిగా పెట్టండి." నా పిల్ల బతుకుతుందో లేదో తెలియని ఆ పూట, నలుగురు వింటుండగా, నవ్వుతూ అన్న మాట అది. ఆ అమ్మాయి మాత్రం సీసా అక్కడే వదిలి వెళ్లిపోయింది.

పేర్లు చెప్పాక డాక్టరుకు విషయం అర్థమైంది. ఆక్సిక్లోజనైడ్ పశువుల కాలేయంలో చేరే జలగలకు వేసేది, మా పిల్లకు దానితో పనే లేదు. లెవామిసోల్ విషయంలో కుక్కకు సరిపడే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. పెద్ద జీవాల బరువు చూసి తయారుచేసిన ద్రావణాన్ని మూతల లెక్కన పోస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. పిల్ల ఇప్పుడు లేచి తిరుగుతోంది కానీ ఇంకా సరిగా తినడం లేదు; నాకు డబ్బు మిగిల్చిన ఆ మహానుభావుడి పుణ్యమా అని వైద్యానికి 2,800 రూపాయలు అయ్యాయి.

కొనేవారికి చెప్పేది కొంచెమే. ఏలికపాములకు, కొంకిపురుగులకు పైరాంటెల్, బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ సాధారణంగా వాడతారు, ఏదైనా బరువును బట్టే ఇవ్వాలి. ఏలికపాములు తల్లి కడుపులోనూ పాల ద్వారానూ కుక్కపిల్లలకు సోకుతాయి కాబట్టి రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టమంటారు. పిల్లను ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి తూకం ఎక్కితే బరువు తెలిసిపోతుంది. సీలు, గడువు తేదీ, బిల్లు లేని మందు తీసుకోవద్దు. ఆ కొట్టులో లేబులు లేని సీసా ఇప్పటికే కొన్నవారు దాన్ని పారబోయకుండా ఉంచండి; ఔషధ నియంత్రణ శాఖకు నేను ఫిర్యాదు రాస్తున్నాను, మీ సీసాలు కూడా తోడైతే ఆయన పొట్టేలు కథ అక్కడ చెప్పుకోవచ్చు.