నిర్మాణ స్థలానికి కాపలా ఎందరు? ఒక తిరుపతి సైటు లెక్కతో ఏది మేలు

కరకంబాడి రోడ్డు వైపు ఎకరం స్థలంలో స్టిల్టు (కింద పార్కింగుకు వదిలే స్తంభాల అంతస్తు) మీద ఐదు అంతస్తుల అపార్ట్‌మెంటు కడుతున్నామని అనుకుందాం. ముందు రోడ్డు, రెండు పక్కల ఇళ్లు, వెనుక వాగు, వాగు దాటితే కొండ వైపు ముళ్లపొదలు. పని పద్దెనిమిది నెలలు సాగుతుంది. ఇక్కడ కాపలాకు ఎందరు కావాలని అడిగితే మూడు జవాబులు వస్తాయి. వాచ్‌మన్ కుటుంబం ఉంటే చాలదా అని స్థలం యజమాని అంటారు. పగలొకరు, రాత్రొకరు చొప్పున ఇద్దరిని పంపుతామని ఏజెన్సీ వారు అంటారు. నాలుగు కెమెరాలు పెడితే మనుషులను తగ్గించుకోవచ్చని సైట్ ఇంజనీరు అంటారు. పదిహేనేళ్లుగా ఈ చుట్టుపక్కల కట్టడాల పని చూస్తున్నవాడిగా ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తూచి, నాకు సరైనదని తోచినది చెబుతాను.

ముందు ఒక పొరపాటును తొలగించాలి. ఎకరానికి ఇందరు అని లెక్క కట్టడం ఎక్కువమందికి అలవాటు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక, స్థలం చదరంగా ఉంటే చుట్టుగోడ 254 మీటర్లు వస్తుంది. పది ఎకరాలకు అదే గోడ సుమారు 805 మీటర్లు మాత్రమే. విస్తీర్ణం పది రెట్లు పెరిగినా, మనిషి తిరగవలసిన దూరం మూడు రెట్లకు కాస్త మించి పెరిగింది. కాబట్టి లెక్కను ఎకరాల నుంచి కాక, ఏయే చోట్ల మనిషి నిలబడాలి, అక్కడ ఎన్ని గంటలు ఉండాలి, నిలబడి ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నల నుంచి మొదలుపెట్టాలి.

ఇక వాచ్‌మన్ కుటుంబం సంగతి. పడమటి మండలాల నుంచి భార్యాబిడ్డలతో వచ్చి, రేకుల షెడ్డు వేసుకుని, పునాది నుంచి గృహప్రవేశం దాకా అక్కడే కాపురముండే మనిషికి ఆ స్థలం మీద ఏర్పడే మమకారం ఏ ఏజెన్సీ గార్డుకూ రాదు. ఏ మేస్త్రీ ఎప్పుడు వస్తాడో, ఏ కూలీ ఎవరి బంధువో, ఏ లారీ రోజూ వచ్చేదో అతనికి నోటికి తెలుసు. నేరుగా జీతమిచ్చే మనిషి కనుక బిల్లు మీద జీఎస్టీ పడదు. అరవై అంకణాల చిన్న స్థలంలో సొంత ఇల్లు కట్టుకునేవారికి ఇంతకు మించిన ఏర్పాటు అవసరం లేదనే నా అభిప్రాయం. వీధిలో మరో ఇల్లు లేస్తూ ఉంటే ఇద్దరు యజమానులూ కలిసి ఒకే కుటుంబానికి జీతమిచ్చుకోవచ్చు.

చిక్కు పెద్ద సైటులో వస్తుంది. ఏడేళ్ల కిందట తిరుచానూరు రోడ్డు పక్కన మేము కట్టిన ఒక అపార్ట్‌మెంటుకు కాపలా అంతా ఒక్క కుటుంబం మీదే ఉండేది. ఆ మనిషి పొద్దున్నే లేచి స్లాబుకు నీళ్లు పట్టేవాడు, మోటారు చూసేవాడు, సిమెంటు బస్తాలు లెక్కపెట్టి దించేవాడు, రాత్రి పది దాకా మళ్లీ నీళ్లు పట్టి పడుకునేవాడు. కార్తీక మాసపు వాన రాత్రి వెనుక గోడ మీదుగా, స్లాబు పోసేటప్పుడు కింద పరిచే సెంట్రింగ్ షీట్లు పోయాయి. రెండు రోజుల తరువాత తదుపరి అంతస్తుకు షీట్లు ఎక్కించేటప్పుడు మేస్త్రీ లెక్క చూస్తేగాని ఎవరికీ తెలియలేదు. తప్పంతా అతనిదేనని తేల్చి ఇంటికి పంపేశాం. ఆ తీర్పులో నేనూ ఉన్నాను, అది అన్యాయమని ఇప్పటికీ నా మనసులో ఉంది. పగలంతా ఒళ్లు వంచి పనిచేసిన మనిషి రాత్రంతా మేలుకుని ఉండాలని కోరడం, ఒక జీతానికి ఇద్దరి పని అడగడమే. పైగా షెడ్డులో ఉండే పసిపిల్లలకు మూత లేని సంపు, లిఫ్టు గొయ్యి ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. పునాది తవ్వకం నడిచే రోజుల్లో, స్థలంలో విలువైన సరుకు ఇంకా దిగకముందు, ఆ కుటుంబం ఒక్కటే చాలు. ఇనుము దిగిన రోజు నుంచి అది తోడుగా ఉండవలసిందే తప్ప, కాపలా అంతా దాని మీద మోపకూడదు.

ఇప్పుడు ఏజెన్సీ వారి మాట. పగలొకరు, రాత్రొకరు అంటే తలా పన్నెండు గంటల డ్యూటీ. కాగితం మీద ఇది అన్నిటికన్నా చవకగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువ సైట్లలో ఇదే నడుస్తోంది. కానీ లెక్కను చివరిదాకా వేసి చూడాలి. ఒక చోట ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు. మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. అంతకు మించి చేసిన గంటకు రెట్టింపు కూలి ఇవ్వాలి. ఇద్దరు మనుషులు సెలవు లేకుండా పన్నెండేసి గంటలు చేస్తే ఒక్కొక్కరు వారానికి 84 గంటలు చేసినట్టు. అందులో 48 గంటలకు మామూలు కూలి, మిగిలిన 36 గంటలకు రెట్టింపు చొప్పున 72 గంటల కూలి, వెరసి మనిషికి 120, ఇద్దరికి 240 గంటల కూలి అవుతుంది. అదే చోట ఎనిమిది గంటల చొప్పున మూడు డ్యూటీలు పెడితే ఓవర్‌టైం ఉండదు కనుక ఇవ్వవలసింది 168 గంటల కూలే. మనుషులు మాత్రం ఇద్దరికి బదులు ముగ్గురున్నర, అంటే సెలవు రోజున బదులుగా వచ్చే రిలీవర్‌తో కలిపి నలుగురు కావాలి. వారి సెలవుల జీతం కలిపినా తేడా పూడదు.

అంటే పన్నెండు గంటల డ్యూటీ చవకగా కనిపిస్తున్నదంటే, ఆ 36 గంటల రెట్టింపు కూలి గార్డుకు అందడం లేదని అర్థం. ఆ ఎగవేత భారం గార్డు మీద పడినంత కాలం ఎవరికీ పట్టదు గానీ, అది తిరిగి సైటు మీదికే వస్తుంది. వారంలో ఒక్క రాత్రి కూడా సెలవు లేకుండా నెలంతా మేలుకునే మనిషి తెల్లవారుజామున కునుకు తీయక మానడు. వానాకాలంలో పోయిన సరుకంతా ఆ వేళల్లోనే పోవడం నేను చూశాను. వచ్చే డ్యూటీ మనిషి రాకపోతే ఉన్నవాడి చేతే డబుల్ డ్యూటీ చేయించే అలవాటు మరీ హానికరం; గంగమ్మ జాతర వారంలో, సంక్రాంతి మూడు రోజుల్లో ఇది తప్పకుండా జరుగుతుంది. రిలీవర్ పేరు ముందే రాయించుకోకపోతే ఆ రోజుల్లో గేటు దగ్గర ఖాళీ కుర్చీ కనిపిస్తుంది.

ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు ధరకన్నా ముందు 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వారికి లైసెన్సు ఉందో లేదో చూడాలి. ఆ చట్టం ప్రకారం గార్డు వయసు 18 దాటి, 65 లోపు ఉండాలి. 2006 నాటి కేంద్ర నమూనా నియమాలు కొత్త గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు అంతకంటే తక్కువ చాలు. బిల్లులో జీతం పక్కన యజమాని వాటాగా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం విడివిడిగా చూపించమని అడగాలి, ఆ సొమ్ము కట్టిన చలానాలు నెలనెలా చూడాలి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2019 ఏప్రిల్ నుంచి, కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తిరిగి సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ లేని కొత్త పద్ధతిలో ఫ్లాట్లు అమ్మే బిల్డరుకు ఆ పన్ను తిరిగి రాదు కనుక, దానిని ఖర్చుగానే వేసుకోవాలి. వాచ్‌మన్ కుటుంబానికీ ఏజెన్సీకీ ధర పోల్చేటప్పుడు చాలామంది మరిచేది దీనినే.

రాత్రి ఒకరా, ఇద్దరా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఎకరం చుట్టూ తిరగడానికి నడక మాత్రమే అయితే ఐదు నిమిషాలు. కానీ టార్చి వేసి గోడ వెంట చూసుకుంటూ, గోదాము తాళం లాగి చూసి, వెనుక మూలన ఇనుము కట్టలను, మెట్ల కింద పంపును చూసి రావడానికి పావుగంట పైనే పడుతుంది. ఆ పావుగంట గేటు దగ్గర ఎవరూ లేరు. గేటు వదలకూడదంటే రౌండు ఉండదు, వాగు వైపు గోడ రాత్రంతా దిక్కులేనిదవుతుంది. ఒక్క మనిషి ఈ రెండింటిలో ఏదో ఒకటే చేయగలడు. దీనికి తోడు కొండ పాదాల దగ్గరి సైట్లలో మరో భయం ఉంది. 2023లో అలిపిరి నడక దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తరువాత భక్తుల చేతికి కర్రలు ఇవ్వవలసి వచ్చింది. అటువంటి కొండకు దగ్గరలో, పొదల పక్కన, చీకట్లో ఒంటరిగా రౌండు కొట్టమని మనిషిని పంపడం నాకు సమ్మతం కాదు. ఒంటరి గార్డు ఆ వైపు పోకుండా రిజిస్టరులో పోయినట్టు రాస్తే అతనిని తప్పుపట్టలేం.

ఇద్దరుంటే ఖర్చు రెట్టింపవుతుందని భయపడనవసరం లేదు. ఉదయం ఆరు నుంచి రెండు వరకు ఒకరు, రెండు నుంచి రాత్రి పది వరకు ఒకరు, పది నుంచి ఆరు వరకు ఇద్దరు అనుకుంటే వారానికి 224 గంటల కూలి. ఇది చట్టప్రకారం పన్నెండు గంటల డ్యూటీలకు ఇవ్వవలసిన 240 గంటల కంటే తక్కువే, పైగా రాత్రి ఒక మనిషి ఎక్కువ. మనుషుల లెక్కలో 224ను 48తో భాగిస్తే నాలుగూ ముప్పాతిక దగ్గర తేలుతుంది. ఐదుగురిని పేరుపేరునా పెట్టుకుంటే వారపు సెలవులు కూడా సర్దుకుంటాయి.

పగటి గార్డును తేలికగా చూడటం మరో పొరపాటు. రాత్రి గోడ దూకి పోయే సరుకు కంటే పట్టపగలు గేటులోంచి తక్కువగా లోపలికి వచ్చే సరుకు నష్టం పెద్దదిగా ఉండటం నేను ఎన్నో సైట్లలో చూశాను. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 0.888 కిలోలు తూగుతుంది, అంటే పన్నెండు మీటర్ల కడ్డీ ఒక్కటి సుమారు 10.66 కిలోలు. లారీతో వచ్చిన సరుకు చలానాలో రాసిన దానికి ఐదు కడ్డీలు తగ్గినా అర క్వింటాలు పైన పోయినట్టే. లారీ నిండుగా ఉన్నప్పటి వే బ్రిడ్జి చీటీ, ఖాళీ అయ్యాక తూచిన చీటీ రెండూ అడిగి తీసుకుని, కడ్డీలు లెక్కపెట్టి, చలానాతో సరిచూసి, సమయం వేసి రాయగల మనిషి పగలు గేటు దగ్గర ఉండాలి. చదువు వచ్చిన గార్డుకు కొంత ఎక్కువ ఇవ్వవలసి వస్తే, ఇవ్వడమే మేలు.

కెమెరాల విషయంలో ఇంజనీరు మాట సగం నిజం. గేటు దగ్గర లారీ దించేటప్పుడు ఏం జరిగిందో తరువాత తేల్చడానికి, గార్డు రౌండుకు వెళ్లాడో లేదో చూడటానికి కెమెరా చాలా ఉపయోగం. అది సరుకు ఎత్తేవాడి చేయి పట్టుకోలేదు. కరెంటు పోయిన రాత్రి అసలు చూడనే చూడదు. సిమ్ము, సోలారు పలక ఉన్న కెమెరా కొంత నయం గానీ, అంతస్తు లేచిన కొద్దీ దాని ముందు గోడ వస్తూనే ఉంటుంది కనుక చోటు మారుస్తూ ఉండాలి. గేటుకు ఒకటి, గోదాముకు ఒకటి, వెనుక గోడకు రెండు పెట్టి, రికార్డు పెట్టెను సైటు ఆఫీసులో కాకుండా వేరేచోట తాళం వేసి ఉంచితే బాగుంటుంది. వాటి వల్ల రాత్రి పది దాకా ఒకే గార్డుతో నెట్టుకురావచ్చు, రాత్రి రెండో మనిషిని మాత్రం తీసివేయలేం.

ఈ సంఖ్య పద్దెనిమిది నెలలూ ఒకేలా ఉండనక్కరలేదు, ఉండకూడదు కూడా. దొంగ ఏమి మోయాలో దాన్ని బట్టి కాపలా చోటు మారుతుంది. స్లాబులు పడే కాలంలో పోయేవి ఇనుము, షీట్లు, జాక్‌లు. వాటికి బండి కావాలి, కాబట్టి గేటు, వెనుక గోడ ముఖ్యం. కరెంటు పని, బాత్‌రూం సామాను మొదలయ్యాక పోయేవి రాగి తీగ, కుళాయిలు, స్విచ్చులు. అవి ఒక సంచిలో పడతాయి, మెట్ల మీదుగా మామూలు మనిషిలా నడిచి వెళ్లిపోతాయి. అప్పుడు రాత్రి రెండో మనిషి గోడ దగ్గర కంటే మెట్ల దగ్గర, సామాను గది ముందు ఉండాలి, సాయంత్రం పని దిగేవారి సంచులు మర్యాదగా చూసి పంపాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల కాలంలో మరో పని తోడవుతుంది. 2021 నవంబరులో ఊరు మునిగిన రోజులు చూసినవారికి తెలుసు, గొయ్యి నిండే రాత్రి మోటారు వేసేవాడు ఒకడు, గేటు దగ్గర ఉండేవాడు మరొకడు కావాలి. గార్డుకు రాసిచ్చిన డ్యూటీ కాగితంలో మోటారు, అగ్నిమాపక కేంద్రం 101 నంబరు, సంపుల మూతలు కూడా ఉండాలి.

కాబట్టి ఈ ఎకరం సైటుకు నా ఏర్పాటు ఇది. పునాది దాకా వాచ్‌మన్ కుటుంబం ఒక్కటే. ఇనుము దిగే ముందురోజు నుంచి ఎనిమిది గంటల డ్యూటీలతో ఐదుగురు గార్డులు, రాత్రి ఇద్దరు, నాలుగు కెమెరాలు. వాచ్‌మన్‌కు నీళ్లు పట్టే పని మాత్రమే, రాత్రి నిద్ర అతని హక్కు. లిఫ్టు బిగించి, తీగ అంతా గోడల్లోకి పోయి, ఫ్లాట్లన్నిటికీ తలుపులు తాళాలు పడిన తరువాత రాత్రి రెండో మనిషిని తగ్గించవచ్చు, అంతకు ముందు వద్దు.