క్విక్ రిలీజ్ స్క్యూవర్: క్యామ్ లోపలుండాలా, బయటుండాలా?

క్విక్ రిలీజ్ (పనిముట్లు లేకుండా లివర్‌తో విప్పే ఏర్పాటు) ఉన్న మౌంటెన్ బైక్‌లో ముందు చక్రాన్ని ఫోర్క్‌కు, అంటే చక్రానికి రెండు వైపులా దిగే కాళ్లకు, పట్టి ఉంచేది దాదాపు 5 మిల్లీమీటర్ల మందమున్న కడ్డీ. అదే స్క్యూవర్. చాలామంది దాని రంగు, బరువు చూసి కొనేస్తారు. చూడాల్సింది లివర్ దగ్గరున్న క్యామ్‌ని, అంటే లివర్ మూసినప్పుడు కడ్డీని లాగి బిగించే ముక్కని.

క్యామ్ లోపలుండే రకంలో అది లోహపు గుల్లలో దాగి ఉంటుంది. బురద, ఇసుక అంత తేలిగ్గా చేరవు. చేత్తో అంతే బలం పెట్టినా చక్రాన్ని ఎక్కువ గట్టిగా నొక్కుతుంది. కాస్త బరువు, అప్పుడప్పుడు ఓ చుక్క నూనె, అంతే.

క్యామ్ బయటుండే రకం సాధారణంగా తేలిక. కానీ చాలావాటిలో లివర్ ప్లాస్టిక్ ముక్క మీద రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము పడితే రాపిడి పెరుగుతుంది. లివర్ బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, చక్రం మీద పట్టు మాత్రం తక్కువే. రోడ్డు సైకిల్‌కు సరిపోవచ్చు. డిస్క్ బ్రేక్ ఉన్న మౌంటెన్ బైక్‌కు మాత్రం నేను ఒప్పుకోను. కాలిపర్ (డిస్క్‌ని నొక్కి పట్టే బ్రేక్ భాగం) ఫోర్క్ వెనక వైపు ఉంటే, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పుట్టే బలం ముందు చక్రాన్ని ఫోర్క్ చివరనున్న గాడిలోంచి బయటికి తోస్తుంది. దిగుడు దారిలో ఆ టెన్షన్ ఎందుకు?

ఏది కొన్నా, లివర్ సగం మూసేసరికి బిగువు తెలియాలి, మూశాక అరచేతిలో అచ్చు పడాలి. లివర్‌ని నట్టులా గుండ్రంగా తిప్పి బిగించకండి.