కుక్క పాదాల పగుళ్లకు తేనెమైనం బామ్: రెండు నెలలు వాడిన తర్వాత

మే నెల విజయవాడ ఎండల్లో మా ఆరేళ్ల లాబ్రడార్ మెట్లెక్కనని మొండికేస్తుంటే వయసు మీద పడుతోందనుకున్నాం. పడుకోబెట్టి కాలు తిప్పి చూస్తే, కుడి వెనక పాదం కింద పెద్ద మెత్తలో బియ్యపుగింజంత చీలిక, దానిలో ఇరుక్కున్న ఇసుక కనిపించాయి. ఆ సాయంత్రమే 50 గ్రాముల పాదాల బామ్ ఒకటి 399 రూపాయలకు కొన్నాను. ఇలాంటి డబ్బాలు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, సరుకూ ఇంచుమించు ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు.

డబ్బా మీద తేనెమైనం, కొబ్బరినూనె, షియా బటర్ అని వరసగా ఉంది. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటిన వేడి కావాలి, కొబ్బరినూనెకు 25 డిగ్రీలు చాలు. వంటింటి అలమరలో పెట్టిన వారానికే మూత తీసి చూస్తే బామ్ కాస్తా నీళ్లలా కదులుతోంది కనుక, మైనం పేరు ముందున్నా నూనె పాలే ఎక్కువని నా అనుమానం. ఫ్రిజ్‌లో పెట్టాక గట్టిపడింది.

ఇది పుండు మాన్పే మందు కాదు; మెత్తల తోలులోని తడి ఆరిపోకుండా పైన పొర కడుతుంది, అంతే. రాత్రి గోరువెచ్చని నీళ్లతో పాదాలు కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగా తుడిచి, శనగగింజంత తీసుకుని రుద్దితే అయిదారు రోజుల్లో గరుకుదనం బాగా తగ్గింది. రాసిన మరుక్షణమే నాకేస్తుంది కాబట్టి అన్నం గిన్నె ముందు పెట్టి, అది తింటుండగా రాయడం అలవాటు చేసుకున్నాం. టైల్స్ మీద పడే జిడ్డు ముద్రలు తుడుచుకోక తప్పదు.

అయితే గరుకుదనం పోయినా చీలిక మాత్రం మూడు వారాలైనా మూసుకోలేదు. పశువైద్యురాలు ముందు వేళ్ల సందుల్లో ఫంగస్ కోసం చూసి, తర్వాత ముక్కును తడిమి, డిస్టెంపర్ టీకా వేయించారా అని అడిగారు. ఆ జబ్బులో మెత్తలూ ముక్కూ గట్టిపడతాయట. చివరికి ఇల్లు దేనితో తుడుస్తారన్న ప్రశ్న దగ్గర అసలు విషయం బయటపడింది. ఫినాయిల్ నీళ్లతో తుడిచిన నేల ఆరకముందే మా కుక్క దాని మీద తిరుగుతోంది, పైగా పొద్దున ఎనిమిది దాటాక కాలిన తారురోడ్డు మీద నడుస్తోంది. అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను నడిపించవద్దని ఆవిడ చెప్పారు. నేను మూడు లెక్కపెట్టేలోపే చేయి తీసేశాను.

నడకను అయిదున్నరకు మార్చి, నేలను ఉత్త నీళ్లతో తుడవడం మొదలుపెట్టాక రెండు వారాల్లో చీలిక పూడింది. బామ్ అప్పుడూ రాస్తూనే ఉన్నాం, కానీ ఘనత మొత్తం దానికే కట్టబెట్టలేను. మనుషుల మడమల పగుళ్లకు వాడే క్రీములు మాత్రం రాయకండి. శాలిసిలిక్ ఆమ్లం, జింక్ ఆక్సైడ్ ఉన్నవి నాకితే కుక్కకు హాని. రక్తం కారుతున్నా, వాచినా, చీము పట్టినా, నాలుగు పాదాలూ ఒకేసారి పగిలినా డబ్బా కోసం కాదు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

రోజుకొకసారి రాస్తే రెండు నెలలకు డబ్బాలో పావు వంతు మిగిలింది కాబట్టి ధర ఎక్కువనిపించలేదు. అయిదుకు మూడు మార్కులు వేస్తాను. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో దాచుకోవాలన్న మాట డబ్బా మీద ముద్రించి ఉంటే మరో అర మార్కు కలిపేవాణ్ని.