షేర్డ్ ఫోల్డర్: ఒకరు తెరిస్తే అందరూ చదివినట్టే

అమీర్‌పేటలో నలుగురైదుగురు పనిచేసే ట్యాక్స్ కన్సల్టెన్సీకి షేర్డ్ ఫోల్డర్ దేనికో వివరించక్కర్లేదు. క్లయింట్ల మెయిళ్లన్నీ ఒకే అడ్రసుకి వస్తాయి, అందరూ చూడాలి. ఫోల్డర్ పంచడం పెద్ద కష్టమేం కాదు. కోపమంతా ఒక్కదాని మీదే: చదివిన గుర్తు. మియాపూర్ నుంచి మెట్రోలో వస్తూ ఒకరు ఫోన్‌లో మెయిల్ తెరిస్తే చాలు, ఆఫీసులో మిగతా వాళ్లందరి దగ్గరా దాని బోల్డ్ పోతుంది. ఎవరో చూసుకుంటున్నారులే అని అందరూ ఊరుకుంటారు. నెలనెలా 20న జీఎస్టీఆర్-3బీ అనే జీఎస్టీ రిటర్న్ గడువు. ఆ వారంలో ఇలాంటి మెయిల్ ఒక్కటి మరుగున పడితే లేట్ ఫీజు క్లయింట్ నెత్తిన, చీవాట్లు మన నెత్తిన.

తప్పు మెయిల్ ప్రోగ్రామ్‌ది కాదు, సర్వర్ పద్ధతిది. ఐమ్యాప్‌లో, అంటే మెయిళ్లని సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతిలో, 'సీన్' అనే ఫ్లాగ్ (చదివిన గుర్తు) మామూలుగా మెయిల్‌కి అంటుకుని ఉంటుంది, చూసిన మనిషికి కాదు. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్‌లో ఏమీ మార్చకపోతే ఈ ఫ్లాగ్ అందరికీ ఒక్కటే. సైరస్ అనే ఇంకో సర్వర్‌లో దీనికి తలకిందులు: అక్కడ ఎవరి గుర్తు వారిదే, కావాలంటేనే ఉమ్మడి చేసుకోవాలి. రెండు ఆఫీసుల్లో థండర్‌బర్డ్ అనే ఒకే మెయిల్ ప్రోగ్రామ్ ఉన్నా రెండు రకాలుగా నడిచేది ఇందుకే. ప్రోగ్రామ్ మార్చి చూద్దాం అనుకునేవాళ్లు ముందు తమ సర్వర్ ఏదో కనుక్కోవాలి.

డవ్‌కాట్‌లో మందు ఉంది. సర్వర్ సెట్టింగుల్లో, పంచుకున్న ఫోల్డర్లు ఎక్కడున్నాయో చెప్పే షేర్డ్ నేమ్‌స్పేస్ లొకేషన్ లైనుకి ఇండెక్స్‌పీవీటీ (ప్రైవేట్ ఇండెక్స్) అనే ముక్క తగిలించి, ప్రతి యూజర్ సొంత ఫోల్డర్లో ఒక చోటు చూపిస్తే, అప్పటినుంచి 'సీన్' ఎవరిది వారికే. ఇది 2.2 వెర్షన్ నుంచి ఉంది. 2.4లో సెట్టింగ్ పేర్లు చాలావరకు మారాయి కాబట్టి పాత లైన్లు అలాగే దించుకుంటే సర్వర్ ఒప్పుకోదు. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, విడిపోయేది 'సీన్' ఒక్కటే. నక్షత్రం గుర్తు, జవాబిచ్చాం అని చూపే బాణం గుర్తు రెండూ ఉమ్మడిగానే ఉండిపోతాయి. ఆఫీసుకి కావాల్సిందీ అదే. నేను చదివానా అన్నది నా గొడవ, జవాబు వెళ్లిందా అన్నది అందరి గొడవ.

ఆ బాణం నిలవాలంటే మాత్రం హక్కులు సరిగా ఉండాలి. ఐమ్యాప్ ఏసీఎల్‌లో, అంటే ఎవరికి ఏ హక్కో రాసే పట్టికలో, ఒక్కో హక్కుకీ ఒక్కో అక్షరం. 'ఎల్' ఉంటే ఫోల్డర్ కనబడుతుంది, 'ఆర్' ఉంటే తెరుచుకుంటుంది, 'ఎస్' చదివిన గుర్తుకి, 'డబ్ల్యూ' నక్షత్రం, బాణం లాంటి మిగతా గుర్తులకి, 'ఐ' ఫోల్డర్లో మెయిల్ చేర్చడానికి, 'టీ', 'ఈ' తీసెయ్యడానికి. చదవడానికే కదా అని 'ఎల్', 'ఆర్' రెండే ఇచ్చారంటే జవాబు వెళ్తుంది కానీ బాణం పడదు. ఒకే మెయిల్‌కి ఇద్దరు రెండు రకాలుగా జవాబిచ్చేది ఇలాంటప్పుడే. 'టీ', 'ఈ' ఒక్కరికే ఇవ్వడం మేలు. డిలీట్ కొట్టినప్పుడు థండర్‌బర్డ్ ఆ మెయిల్‌ని కొట్టినవారి సొంత ట్రాష్‌లోకి తీసుకుపోతుంది, మిగతావాళ్లు ఎంత వెతికినా దొరకదు.

ఇండెక్స్‌పీవీటీ పెట్టాక కూడా ఒకచోట చదివిన గుర్తు దానంతటదే పడిపోవచ్చు. ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లు దించుకునే చిన్న పైథాన్ స్క్రిప్టులు చాలా ఆఫీసుల్లో ఉంటాయి. వాటిలో ఎక్కువగా కనబడే నమూనా మొత్తం మెయిల్‌ని 'ఆర్‌ఎఫ్‌సీ822' అనే మాటతో సర్వర్‌ని అడిగి తెచ్చుకుంటుంది. అలా అడిగితే సర్వర్ వెంటనే 'సీన్' వేసేస్తుంది. పైగా స్క్రిప్ట్ నడిచేది సాధారణంగా ఫోల్డర్ అసలు ఓనర్ లాగిన్‌తో, ఆయనకి ప్రైవేట్ ఇండెక్స్ వర్తించదు. పొద్దున్నే ఓనర్ ఇన్‌బాక్స్ తెరిస్తే కొత్త మెయిల్ ఒక్కటీ ఉండదు. గుర్తు వెయ్యకుండా తెచ్చే 'బాడీ పీక్' అని అడిగితే ఈ బెడద లేదు. లేదా ఫోల్డర్ తెరిచేటప్పుడే రీడ్‌ఓన్లీ అని ట్రూ పెడితే సరి, ఒక్క మాటతో పోయేది. స్క్రిప్ట్ రాసిచ్చినవాళ్లు దీన్ని తప్పుగా ఒప్పుకోరు, మెయిళ్లు వస్తున్నాయిగా అంటారు!

సర్వర్ మన చేతిలో లేనప్పుడు ప్రోగ్రామ్‌లోనే సర్దుకోవాలి. థండర్‌బర్డ్ సెట్టింగ్స్‌లో, చదివినట్టు దానంతటదే గుర్తు వెయ్యడాన్ని ఆపెయ్యవచ్చు, లేదా ఇన్ని సెకన్ల తర్వాతే వెయ్యమని చెప్పవచ్చు. ఔట్‌లుక్‌లో ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, రీడింగ్ పేన్ దగ్గర ఇలాంటివే ఉన్నాయి. ఫోన్లే గుదిబండ, వేలు తగిలితే గుర్తు పడిపోతుంది. అందుకని చదివిన గుర్తుని నమ్మడం మానేసి, పని పట్టుకున్నవారు నక్షత్రం వెయ్యడం మంచి అలవాటు, అది అన్ని ప్రోగ్రాముల్లోనూ కనబడుతుంది. థండర్‌బర్డ్ రంగు ట్యాగులు ఇందుకు పనికిరావు. అవి సర్వర్‌లో చేరతాయి, పక్క థండర్‌బర్డ్‌లోనూ కనబడతాయి, కానీ పేరూ రంగూ ఎవరి కంప్యూటర్లో వారివి. ఒకరి దగ్గర 'పేమెంట్' అన్నది ఇంకొకరి దగ్గర 'పర్సనల్' అవుతుంది.

ఇంతకీ అన్నిట్లో థండర్‌బర్డే మేలు అనేవాణ్ణి. ఇప్పుడూ అంటాను, రెండు షరతులతో. షేర్డ్ ఫోల్డర్లు మనంతట మనం సబ్‌స్క్రయిబ్ చేస్తే తప్ప ఎడమవైపు కనబడవు. కనబడ్డాక కూడా ఇన్‌బాక్స్ కాని ఫోల్డర్లో కొత్త మెయిల్ వస్తే దానంతటది చూడదు. ఒక్కో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో, కొత్త మెయిళ్లకి దీన్ని ఎప్పుడూ చూడు అన్న గడిలో టిక్ పెట్టాలి. సబ్‌స్క్రయిబ్ లిస్టులోనే ఫోల్డర్ లేదంటే డవ్‌కాట్‌లో ఏసీఎల్ షేర్డ్ డిక్ట్ (ఎవరు ఎవరికి పంచారో ఉంచే జాబితా) పెట్టలేదనో, హక్కుల ఫైలుని చేత్తో దిద్ది ఆ డిక్ట్‌ని రీకాల్క్ చెయ్యలేదనో, అంటే మళ్లీ సరిచూయించలేదనో అనుకోవచ్చు.

థండర్‌బర్డ్‌ని వదలలేకపోవడానికి కారణం ఇంకోటుంది. అకౌంట్ సెట్టింగ్స్‌లోని కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో, జవాబుని అసలు మెయిల్ ఉన్న ఫోల్డర్లోనే పెట్టు అనే ఆప్షన్. దాన్ని పెట్టి 'ఐ' హక్కు ఇస్తే క్లయింట్ ప్రశ్న, మన జవాబు ఒకే ఫోల్డర్లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ఏం రాశావని ఎవర్నీ అడగక్కర్లేదు. సొంత మెయిళ్లకి అంటకుండా ఆఫీసు అడ్రసుకి వేరే ఐడెంటిటీ (పంపే పేరూ అడ్రసూ) చేసుకుని దానికే పెట్టాలి. మెయిల్ 'టు'లో ఆ అడ్రసు ఉంటే థండర్‌బర్డ్ ఆ ఐడెంటిటీనే ఎంచుకుంటుంది. బీసీసీలో వచ్చినప్పుడు మాత్రం చేత్తో మార్చాల్సి రావచ్చు.

మైక్రోసాఫ్ట్ 365 వాళ్ల లెక్క వేరు. షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో చదివిన గుర్తు అందరికీ ఉమ్మడే, మనిషికొకటి కావాలంటే పబ్లిక్ ఫోల్డర్ దిక్కు. జవాబు మామూలుగా పంపినవారి సెంట్ ఐటమ్స్‌లోనే పడుతుంది, షేర్డ్ దాంట్లోనూ కాపీ కావాలంటే అడ్మిన్ సెంటర్లో ఆన్ చెయ్యాలి. థండర్‌బర్డ్‌లో పెట్టుకోవాలంటే యూజర్‌నేమ్ దగ్గర షేర్డ్ అడ్రసు, లాగిన్ పేజీ వచ్చినప్పుడు మన సొంత అకౌంటు. 2022 అక్టోబర్ నుంచి వట్టి పాస్‌వర్డ్ పద్ధతిని ఆపేశారు కాబట్టి లాగిన్ పేజీ ద్వారా అనుమతి తీసుకునే ఓఆథ్2 తప్పదు.

మాది చిన్న ఆఫీసు, సర్వర్ సెట్టింగులు మార్చిపెట్టే మనిషి పిలిస్తే వస్తాడు. అందుకే డవ్‌కాట్, ఇండెక్స్‌పీవీటీ, థండర్‌బర్డ్ మాకు సరిపోయాయి. అలాంటి మనిషి దొరకని చోట, లేదా సగంమంది ఫోన్ల మీదే బతికే చోట, నేనైతే నక్షత్రం అలవాటు చేసి 365తోనే సరిపెట్టుకునేవాణ్ణి.